సెలైన్ సీసా చేయలేని పని

ప్రమాదం జరిగిందని తెలిసి ఆసుపత్రికి పరుగెత్తిన బంధువులు విశాఖపట్నంలో తరచుగా అడిగే మాట: "సెలైన్ ఎక్కిస్తున్నారా?" స్టాండుకు సీసా వేలాడుతూ కనిపిస్తే సగం ధైర్యం వస్తుంది. వాంతులు, విరేచనాలతో నీరసించినవారి విషయంలో ఆ ధైర్యం సబబే. ఒంట్లోంచి పోయింది నీరూ ఉప్పూ, సీసాలో ఉన్నవీ అవే. 1832లో స్కాట్లండ్ వైద్యుడు థామస్ లాటా కలరా రోగుల సిరల్లోకి ఉప్పునీరు ఎక్కించింది ఈ లెక్కతోనే. నెత్తురు కారుతున్న మనిషి లెక్క వేరు.

పెద్దవారి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. అందులో ముప్పావు లీటరు పోయినా శరీరం చాలావరకు సర్దుకుంటుంది. కొండవాలు వీధుల్లో ఉండేవారికి ఈ సర్దుబాటు చప్పున అర్థమవుతుంది. నీళ్లు తక్కువైన రోజు దిగువ వాల్వు కట్టేస్తేనే పై ఇళ్లకు చుక్క అందుతుంది. శరీరమూ అంతే. చర్మానికి, పేగులకు, మూత్రపిండాలకు వెళ్లే సన్నని నాళాలను బిగించి, మిగిలిన రక్తాన్ని గుండెకు, మెదడుకు మళ్లిస్తుంది. చేతులు చల్లబడి చెమట పట్టడం, నాడి పరుగెత్తడం అందుకే. బీపీ మాత్రం దాదాపు లీటరున్నర పోయేదాకా నిలబడవచ్చు. "బీపీ బాగానే ఉంది" అన్న ఒక్క మాటతో అందరూ ఊపిరి పీల్చుకోవడం చూస్తే నాకు భయమేస్తుంది. కణాలకు ప్రాణవాయువు చాలని ఈ స్థితినే వైద్యులు షాక్ అంటారు. బీపీ పడకముందే అది మొదలై ఉంటుంది.

ఇప్పుడు సీసాల మీద సీసాలు ఎక్కిస్తే ఏమవుతుంది? సెలైన్‌లో ప్రాణవాయువును మోసే ఎర్ర కణాలు లేవు. నెత్తురు గడ్డకట్టించే పదార్థాలు లేవు. ఒంట్లో ఉన్నవి కాస్తా పలచబడతాయి. విశాఖ ఉక్కపోతలో 30 డిగ్రీలున్న ద్రవం కూడా ఒంటికి చల్లనిదే, చల్లబడిన రక్తం సరిగా గడ్డకట్టదు. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో, లీటరుకు క్లోరైడు సుమారు 100 మిల్లీమోల్‌లు ఉంటే సెలైన్‌లో 154, దానివల్ల రక్తంలో ఆమ్లత్వం పెరుగుతుంది. అన్నిటికీ మించి, ఒత్తిడి పెరగగానే గాయం దగ్గర అప్పుడే కట్టిన లేత గడ్డ కొట్టుకుపోతుంది. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్, ఆయన సహచరులు 1918లోనే, మొదటి ప్రపంచ యుద్ధ క్షతగాత్రులను చూసి, ఈ హెచ్చరిక చేశారు.

1994లో వెలువడిన, అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో జరిగిన అధ్యయనం దీన్ని పరీక్షించింది. మొండెంలో కత్తిపోట్లు, తూటా గాయాలు తగిలిన 598 మందిలో, వెంటనే ద్రవాలు ఎక్కించినవారిలో 62 శాతం బతికితే, ఆపరేషన్ దాకా ఆపినవారిలో 70 శాతం బతికారు. బైకు ప్రమాదాలన్నిటికీ ఇది యథాతథంగా వర్తించదు. ముఖ్యంగా తలకు దెబ్బ తగిలితే తక్కువ బీపీని గాయపడిన మెదడు భరించలేదు. మిగతా చాలా సందర్భాల్లో, రక్తస్రావం ఆపేదాకా పై బీపీని 80, 90 మధ్య నిలిపేంత ద్రవమే ఇచ్చి, వీలైనంత త్వరగా రక్తం ఎక్కించడం మొదలుపెడతారు. ఎర్ర కణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు దాదాపు సమపాళ్లలో ఇస్తారు. చవకగా దొరికే ట్రానెక్సామిక్ ఆమ్లం కట్టిన గడ్డను కరగనివ్వదు. 40 దేశాల్లో 20 వేల మందికి పైగా క్షతగాత్రులపై జరిపి 2010లో ప్రచురించిన పరీక్షలో అది మరణాలను తగ్గించింది. అయితే గాయమైన 3 గంటల లోపే ఇవ్వాలి.

గాజువాక రోడ్డు మీదో, ఆనందపురం దారిలోనో 108 వచ్చేలోగా మన చేతిలో ఉన్న చికిత్స కూడా ఆ గడ్డను కాపాడటమే. శుభ్రమైన గుడ్డ గాయం మీద పెట్టి రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టాలి. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకొకటి వేయాలి. ఆగిందేమో అని తీసి చూడకూడదు.