టార్చ్ ఒకటే, చూసే పక్క వేరు

"సార్, బ్లాక్ హోల్ మన వైపు తిరిగిందంట కదా, పిల్లాడు రాత్రి అన్నం కూడా ముట్టలేదు." మద్దిలపాలెం నుంచి ఒక తల్లి ఫోన్. రేడియో గెలాక్సీల, అంటే రేడియో తరంగాలు బలంగా వెదజల్లే గెలాక్సీల, మ్యాపులతోనే నా పని కాబట్టి 2023 మార్చి నుంచి ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

అమ్మా, భయం వద్దు. రేడియో గెలాక్సీగా లెక్కలో ఉన్న ఒకదాని జెట్, అంటే మధ్యలోని బ్లాక్ హోల్ దగ్గర నుంచి చిమ్మే సన్నటి ధార, ఇప్పుడు మన వైపు ఉందని తేలింది, దాన్ని బ్లేజార్ల (జెట్ సూటిగా మన వైపున్న గెలాక్సీల) జాబితాలోకి మార్చారు. అది ఉన్నది దాదాపు 65 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో. వాట్సాప్‌లో ఈ ఒక్క ముక్కే వదిలేసి మిగతాదంతా తిప్పుతున్నారు.

అసలు అపోహ వేరే ఉంది. క్వాసార్ (నడిబొడ్డు విపరీతంగా మెరిసే గెలాక్సీ) ఒక జాతి, రేడియో గెలాక్సీ ఇంకో జాతి అనుకోవడం.

హుద్‌హుద్ తర్వాత కరెంటు లేని రాత్రుల్లో మా మేనల్లుడు దోమల చక్రం పొగలోకి టార్చ్ వేసి ఆడేవాడు. పక్క నుంచి చూస్తే పొగలో పొడుగాటి చార. బల్బు కనపడదు, టార్చ్ గొట్టం అడ్డం. వాడు ఇటు తిప్పితే బల్బు తప్ప ఇంకేమీ కనపడదు. "కళ్లల్లో వెయ్యకురా!" అని మా అక్క అరుపు. చార చోట జెట్‌ని, బల్బు చోట మెరిసే నడిబొడ్డుని, గొట్టం చోట దాని చుట్టూ ఉన్న ధూళి వలయాన్ని పెట్టుకోండి. పక్క నుంచి రేడియో గెలాక్సీ, ముందు నుంచి క్వాసార్. 1989లో ఖగోళ శాస్త్రవేత్త పీటర్ బార్తెల్ చెప్పింది ఇదే: జెట్ మన చూపుకి సుమారు 45 డిగ్రీల లోపు ఉంటే క్వాసార్. పక్కకి తిరిగి ఉన్న సిగ్నస్ ఎ అనే రేడియో గెలాక్సీలో కూడా, చెదిరి వచ్చిన కాంతిలో దాగిన క్వాసార్ జాడ దొరికింది. బలమైన రేడియో గెలాక్సీల మాట ఇది. బలహీనమైన వాటన్నిటికీ అంటగట్టకండి.

ఇది తెలియకే ఒక విద్యార్థిని మూడు నెలలు పోగొట్టుకుంది. మ్యాపులో జెట్ ఒకవైపే ఉంటే రెండోది పుట్టలేదని రాసి, కారణం కోసం వెతుకుతూ కూర్చుంది. రెండోది ఉంది తల్లీ. కాంతికి దగ్గర వేగంతో మన వైపు వచ్చేది మెరుస్తుంది, అటు పోయేది మసకబారుతుంది. అటువైపు లోబ్ (జెట్ చివర ఉబ్బిన రేడియో మేఘం) నుంచి వచ్చే తరంగాలు ఎక్కువ వాయువు దాటాలి, అందుకే దాని ధ్రువణం, అంటే తరంగాలు ఒకే దిశలో ఊగే తీరు, ఎక్కువ చెదురుతుంది. 1988లో లైంగ్, గారింగ్టన్ బృందాలు చూపించిందీ అదే. క్వాసార్ పొడవు తక్కువగా కనిపించడానికీ జెట్ ఇలా మన వైపు వాలి ఉండటమే కారణం. కొన్ని జెట్లలో ముద్దలు కాంతిని మించిన వేగంతో కదిలినట్టు కనిపించడమా? అదీ ఈ కోణం తెచ్చిన భ్రమే.

అన్నం ముట్టని ఆ పిల్లాడికి మే నెలలో భీమిలి దాటాక చీకట్లో, ఎనిమిదంగుళాల టెలిస్కోపులో 3సీ 273 అనే క్వాసార్‌ని చూపించాను. దాని జెట్ దాదాపు మన వైపే. కన్యారాశిలో మామూలు చుక్కలా ఉంది. వాడు కన్ను తియ్యకుండా చాలాసేపు చూశాడు.