పాత కార్ల ట్విన్ కార్బురేటర్, ఇగ్నిషన్ ట్యూనింగ్: అపోహలు - వాస్తవాలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు కొన్ని ఇళ్లలో పాత స్టాండర్డ్ హెరాల్డ్‌లను, అంబాసిడర్లను, ఫియట్లను ఇంకా ప్రాణంగా చూసుకుంటున్నారు. నా పని వాటి ఇంజిన్లతోనే. ఎక్కువ గందరగోళం కనిపించేది గాలిని, పెట్రోల్‌ను కలిపే కార్బురేటర్లు, అందులోనూ ఎస్‌యూ అనే ఇంగ్లిష్ రకానివి, రెండు ఉన్న బండ్ల దగ్గర. హెరాల్డ్ ఇంజిన్ కుటుంబానికే చెందిన ఇంగ్లిష్ స్పోర్ట్స్ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ 1962లో రెండు ఎస్‌యూలతో వచ్చింది. అలాంటి సెట్టు దొరికితే హెరాల్డ్‌కు వేయించుకోవాలని ఆశపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వేయించుకున్నాక స్లో స్పీడ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) నిలబడదు, మైలేజీ రాదు. అప్పుడు తలా ఒక సలహా ఇస్తారు. వాటిలో ఇంజిన్‌కు నిజంగా చెరుపు చేసేవాటి గురించే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బండి మిస్సింగ్ కొడుతోందంటే కార్బురేటర్ విప్పాల్సిందే.

వాస్తవం: "అన్నా, కార్బురేటర్ ఖరాబైంది" అంటూ వచ్చే బండ్లలో చాలావాటికి అసలు జబ్బు ఇగ్నిషన్‌లో, అంటే నిప్పురవ్వ పుట్టించే భాగాల్లో ఉంటుంది. అందుకే వరస తప్పకూడదు. ముందు టప్పెట్లు, అంటే వాల్వుల సందు. ఆ తర్వాత ప్లగ్గులు, పాయింట్లు (విడిపోయినప్పుడు నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు లాంటివి), వాటికి తోడుండే కండెన్సర్. తర్వాత టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే కార్బురేటర్ మీద చెయ్యి వేయాలి. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ ఇంజిన్లకు చల్లగా ఉన్నప్పుడు టప్పెట్ సందు 10 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పది. ప్లగ్గు సందు 25 థౌ. ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే లూకాస్ 25డీ4 డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల సందు 14 నుంచి 16 థౌ.

ఈ వరస ఎందుకో చెప్పాలి. పాయింట్ల సందు మారితే దాంతోపాటు టైమింగ్ కూడా మారుతుంది. సందు పెరిగితే పాయింట్లు ముందుగా విడిపోతాయి కాబట్టి టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది (నిప్పు ముందుగా పడుతుంది), తగ్గితే రిటార్డ్ అవుతుంది (ఆలస్యంగా పడుతుంది). క్యామ్‌కు రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ సందు తగ్గుతుంది. అంటే ఎవరూ ముట్టుకోకుండానే టైమింగ్ నెలనెలా వెనక్కి జరుగుతుంది. పికప్ పడిపోయింది, ఇంజిన్ వేడెక్కుతోంది అని యజమాని కార్బురేటర్ నట్లు తిప్పడం మొదలుపెడతాడు. ఇక అక్కడి నుంచి రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి.

చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచి, ఇరవై కిలోమీటర్లు పోయాక మిస్సింగ్ కొడితే ముందు కండెన్సర్‌ను అనుమానించండి. పాయింట్ల మొహాలు తొందరగా కాలిపోవడం కూడా దాని గుర్తే. లూకాస్ కండెన్సర్ విలువ దాదాపు 0.2 మైక్రోఫారడ్. ఇప్పుడు బజారులో దొరికే కొత్తవాటిలో నాసిరకం చాలా ఉంది. మీ బండిలో ఉన్న పాతది బాగా పనిచేస్తుంటే సర్వీసు పేరుతో తీసి పారేయకండి.

డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు బుష్ అరిగి ఉంటే సందు కొలిచే ఫీలర్ గేజ్ ఒక చోట 15 చూపిస్తుంది, ఇంకో చోట 12 చూపిస్తుంది. అలాంటప్పుడు పాయింట్లు మూసి ఉండే కోణాన్ని కొలిచే డ్వెల్ మీటర్ పెట్టి చూడాలి. 25డీ4కు 60 డిగ్రీలకు అటూ ఇటూ మూడు డిగ్రీల లోపు రావాలి. ముల్లు నిలకడ లేకుండా ఊగుతుంటే బుష్ మార్చాలి. వేరే దారి లేదు.

అపోహ: రెండు కార్బురేటర్లంటే రెట్టింపు పెట్రోల్.

వాస్తవం: ఇంజిన్ పీల్చే గాలి ఎంతో అంతే. ఎస్‌యూలో ఇంజిన్ పీల్చే గాలి మోతాదును బట్టి లోపలి పిస్టన్ లేస్తుంది. దానికి బిగించిన, కొన వైపు సన్నబడే నీడిల్ (సూది) కూడా జెట్ అనే రంధ్రంలో పైకి లేస్తుంది. ఆ సందులోంచే పెట్రోల్ వస్తుంది. రెండు ఉంటే ఒక్కోటి సగం గాలికి పనిచేస్తుంది, అంతే. పెట్రోల్ నిజంగా ఎక్కువ తాగుతుంటే కార్బురేటర్‌లో పెట్రోల్ మట్టాన్ని ఆపే ఫ్లోట్ వాల్వు కారుతోందా, జెట్ అరిగిందా, చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందా చూడండి. హెచ్ఎస్ రకం ఎస్‌యూలో చోక్ అంటే గాలికి అడ్డుపడే రేకు కాదు, అది జెట్‌నే కిందికి లాగుతుంది. కేబుల్ కాస్త పట్టేసినా ఒక కార్బురేటర్ రోజంతా రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువై నడుస్తుంది.

అపోహ: రెండింటి స్క్రూలనూ లెక్కపెట్టి సమానంగా తిప్పితే బ్యాలెన్స్ అయినట్టే.

వాస్తవం: యాభై ఏళ్లు వాడిన రెండు కార్బురేటర్లు ఒకేలా అరగవు. స్క్రూ ఎన్ని చుట్లు తిరిగిందన్నది మొదలుపెట్టడానికి మాత్రమే పనికొస్తుంది. తేల్చాల్సింది గాలి.

ఇంజిన్‌ను బాగా వేడెక్కనివ్వండి. ఎయిర్ ఫిల్టర్లు తీసేయండి. రెండు థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకు) షాఫ్టులను కలిపే రాడ్డు క్లాంపులు వదులు చేయండి. ఈ పని చాలామంది వదిలేస్తారు. క్లాంపులు బిగించి ఉండగా ఒకదాని స్క్రూ తిప్పితే రెండోదీ కదులుతుంది, అప్పుడు ఏది ఏం చేస్తోందో తెలియదు. తర్వాత సన్నని రబ్బరు పైపు ఒక చివర చెవి దగ్గర, రెండో చివర కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి గాలి చప్పుడు వినండి. రెండోదాని దగ్గరా అలాగే వినండి. రెండు చప్పుళ్లూ సమానమయ్యేదాకా స్లో స్పీడ్ స్క్రూలు సవరించండి. ఫ్లో మీటర్ ఉంటే ఇంకా సులువు, కానీ పైపుతో చెవికి అలవాటైతే తేడా బాగానే పట్టుబడుతుంది.

గాలి కుదిరాకే పెట్రోల్. జెట్ కింద ఉండే నట్టుకు ఆరు పలకలు. పైకి తిప్పితే లీన్ (పెట్రోల్ తక్కువ), కిందికి తిప్పితే రిచ్. ఏమీ తెలియని సెట్టు అయితే జెట్‌ను దాని చుట్టూ ఉండే బ్రిడ్జి అనే దిమ్మతో సమానంగా తెచ్చి, అక్కడి నుంచి పన్నెండు పలకలు కిందికి దింపి మొదలుపెట్టండి. ఇప్పుడు కార్బురేటర్ పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు కూడా కాకుండా, అతి కొద్దిగా లేపండి. స్పీడు పెరిగి అలాగే ఉంటే రిచ్. ఇంజిన్ తడబడి ఆగబోతే లీన్. కొంచెం పెరిగి వెంటనే సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఒక్కో పలకే తిప్పండి, తిప్పిన ప్రతిసారీ ఇంజిన్‌ను కుదురుకోనివ్వండి. రెండోదీ అయ్యాక గాలి మళ్లీ వినండి, ఎందుకంటే మిక్చర్ మారితే స్లో స్పీడూ మారుతుంది. చివరికి రెండు థ్రాటిళ్లూ ఒకేసారి కదిలేలా క్లాంపులు బిగించి, దాదాపు 1,500 ఆర్‌పీఎం దగ్గర ఇంకోసారి పోల్చి చూడండి. స్లో స్పీడ్‌లో చక్కగా కుదిరి, కాస్త రేస్ ఇవ్వగానే తేడా వస్తే క్లాంపులు సరిగ్గా బిగియలేదని అర్థం.

ఇన్ని చేసినా స్లో స్పీడ్ ఊగుతుంటే థ్రాటిల్ షాఫ్టు అరుగుదల చూడాలి. షాఫ్టును పట్టి పైకీ కిందికీ కదిపితే వదులు ఎంతుందో తెలుస్తుంది. ఆ సందులోంచి దొంగగాలి పోతున్నంతకాలం ఏ నట్టు తిప్పినా ఫలితం ఉండదు. లేత్ మీద బోరు చేయించి బుష్ వేయించాలి. కొందరు లీకు కనిపెట్టడానికి షాఫ్టు మీద పెట్రోల్ చల్లుతారు. దయచేసి అలా చేయకండి. ఈ ఇంజిన్లలో పొగ బయటికి పోయే సైలెన్సర్ మానిఫోల్డు సరిగ్గా కార్బురేటర్ల కిందే కాలుతూ ఉంటుంది.

అపోహ: కార్బురేటర్ పిస్టన్ పట్టేస్తే వాటర్ పేపర్‌తో రుద్దాలి.

వాస్తవం: ఎప్పుడూ వద్దు. పిస్టన్‌కూ పైనుండే గిన్నెకూ మధ్య సందు చాలా సన్నం. గీతలు పడితే ఆ కార్బురేటర్ ఇక మాట వినదు. పెట్రోల్, మెత్తటి గుడ్డ చాలు. ఒకదాని పిస్టన్ రెండోదాని గిన్నెలో వేయకండి, అవి జతలుగా తయారైనవి.

ఆ పిస్టన్ కదలికను నెమ్మదింపజేసే డ్యాంపర్‌లో నూనె సంగతి కూడా ఇక్కడే చెబుతాను. "అది ఇంజిన్‌లోకి పోయి పొగ వస్తుంది, ఖాళీగా ఉంచు" అనేవాళ్లున్నారు. ఎస్‌యూకు యాక్సిలరేటర్ పంపు ఉండదు. ఒక్కసారిగా తొక్కినప్పుడు పిస్టన్ ఎగిరిపోకుండా ఆ నూనె ఆపడం వల్లే క్షణం పాటు మిక్చర్ రిచ్ అవుతుంది. నూనె లేకపోతే తొక్కగానే బండి తడబడుతుంది.

అపోహ: టైమింగ్ ఎంత ముందుకు జరిపితే అంత పికప్.

వాస్తవం: కొంతవరకు నిజం, అందుకే ప్రమాదం. పుస్తకంలోని డిగ్రీలకు పెట్టి, రోడ్డు మీద తేల్చుకోవాలి. మా వైపు ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు టాప్ గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ తొక్కి వినండి. గులకరాళ్లు గలగలలాడినట్టు వినిపిస్తే వెంటనే కాలు తీసి, టైమింగ్ కొద్దిగా వెనక్కి జరపండి. ఆ చప్పుడునే నాకింగ్ అంటారు; దాంతోనే నెలలు నడిపితే ఇంజిన్ పిస్టన్ దెబ్బతింటుంది. డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వ్యాక్యూమ్ పైపు పీకేసి మూసేయడం ఇంకో చెడ్డ అలవాటు. సగం థ్రాటిల్‌లో పలచని మిక్చర్ నెమ్మదిగా మండుతుంది, దానికి ముందుగా నిప్పు కావాలి. ఆ అడ్వాన్సు ఇచ్చేది ఈ పైపే. పీకేస్తే మైలేజీ పోతుంది. ఇక ప్రీమియం పెట్రోల్ పోస్తే పవర్ పెరగదు, నాకింగ్‌ను తట్టుకునే గుణం పెరుగుతుంది. నాకింగే లేని బండికి ఆ ఖర్చు దండగ.

అపోహ: పాత పుస్తకంలో ఉన్న జెట్ సెట్టింగే ఇప్పటికీ సెట్టింగ్.

వాస్తవం: ఆ పుస్తకం రాసినప్పటి పెట్రోల్ ఇప్పుడు లేదు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసింది. బరువు లెక్కన పెట్రోల్ ఒక వంతు మండటానికి గాలి దాదాపు 14.7 వంతులు కావాలి, ఇథనాల్‌కు దాదాపు 9 చాలు. అందుకే పాత సెట్టింగ్‌లోనే ఈ పెట్రోల్ పోస్తే ఇంజిన్ లీన్‌గా నడుస్తుంది. స్లో స్పీడ్‌లో ఒకటి రెండు పలకలు దింపితే సరిపోవచ్చు. పెద్ద రోడ్డు మీద కూడా లీన్ అనిపిస్తే రిచ్ నీడిల్ వెతకాలి. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు మెత్తబడి పగులుతాయి. కొత్తవి కొనేటప్పుడు ఇథనాల్‌ను తట్టుకునేవే అడగండి. బండిని నెలల తరబడి నిలిపేస్తే ఫ్లోట్ గిన్నెలు ఖాళీ చేయండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, అడుగున నీరు చేరుతుంది.

అపోహ: ఎండాకాలం బండి ఆగితే పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేస్తే చాలు.

వాస్తవం: ఆ పూటకు పనిచేస్తుంది, అందుకే అందరూ నమ్ముతారు. కారణం మాత్రం అలాగే ఉంటుంది. పెట్రోల్ పైపును మానిఫోల్డుకు దూరంగా జరపండి. కార్బురేటర్లకూ మానిఫోల్డుకూ మధ్య వేడిని ఆపే దళసరి ప్యాకింగులు, కింద రేకు ఉన్నాయో లేదో చూడండి. చాలా బండ్లలో ఆ రేకును ఎప్పుడో తీసేసి ఉంటారు.

అపోహ: ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయిస్తే ఇక ట్యూనింగ్ అక్కర్లేదు.

వాస్తవం: అది పాయింట్లను, కండెన్సర్‌ను మాత్రమే తప్పిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు, స్ప్రింగులు తుప్పు పట్టి ఉంటే అడ్వాన్సు తప్పుగానే వస్తుంది. కొనే ముందు ఇంకో సంగతి చూడండి. ఆ కాలపు ఇంగ్లిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి కలిపి ఉండేది. మీ బండికి ఏది కలిపి ఉందో చూసి, దానికి సరిపోయే కిట్టే అడగండి. తారుమారైతే కిట్టులోని ఎలక్ట్రానిక్ మాడ్యూల్ కాలిపోతుంది. తీసేసిన పాయింట్లు, కండెన్సర్, ఒక ఫీలర్ గేజ్ డిక్కీలోనే ఉంచండి. ములుగు దాటి ఏటూరునాగారం అడవిలో మాడ్యూల్ పోతే వాటితోనే బండి ఇంటికి వస్తుంది.