వెనిస్‌లో 5 యూరోల టికెట్ వెనకున్న వందేళ్ల కథ

2024 ఏప్రిల్ 25న ఇటలీలోని వెనిస్ రైల్వే స్టేషన్ బయట సిబ్బంది నిలబడి, రైలు దిగి వస్తున్నవాళ్ల ఫోన్లలో క్యూఆర్ కోడ్ ఉందా లేదా అని చూశారు. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే టూరిస్టులు ఆ రోజు నుంచి 5 యూరోలు కట్టాలి. రాత్రి హోటల్లోనో అద్దె గదిలోనో ఉండేవాళ్లకు, 14 ఏళ్ల లోపు పిల్లలకు మినహాయింపు ఇచ్చారు. మొదటి ఏడాది రద్దీ ఎక్కువగా ఉండే 29 రోజులకే ఇది పరిమితం. 2025లో 54 రోజులకు పెంచారు, ఆఖరి నిమిషంలో బుక్ చేసుకుంటే 10 యూరోలు.

ఊళ్లో అడుగు పెట్టడానికి టికెట్ ఏంటని ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. మన మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కో పోలో పుట్టిన ఊరు ఇది, ఎక్కడెక్కడి వర్తకులకో తలుపులు తెరిచి బతికిన ఊరు. అలాంటి ఊరికి ఈ పరిస్థితి ఎందుకొచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1846 వరకు వెనిస్‌కి పడవలోనే రావాలి. ఆ ఏడాది ఉప్పునీటి కయ్య మీదుగా రైలు వంతెన కట్టారు. 1933లో దాని పక్కనే రోడ్డు వంతెన వచ్చింది, దాన్ని ప్రారంభించింది కూడా ఏప్రిల్ 25నే. అంతకుముందు ఇంత దూరం వచ్చినవాళ్లు వారాల తరబడి ఉండేవాళ్లు. వంతెనల తర్వాత, వచ్చిన రోజే వెళ్లిపోవడం సులువైంది. అవే వంతెనల మీద ఊరివాళ్లు కూడా అవతలి ఒడ్డుకు వెళ్లడం మొదలుపెట్టారు. అక్కడి మార్గెరాలో 1917 తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి, పక్కనే మెస్త్రేలో లిఫ్టు, కారు పార్కింగ్ ఉన్న ఫ్లాట్లు లేచాయి. ఉద్యోగం అక్కడ, చవక ఇల్లు అక్కడ. ఇక ఇక్కడ ఉండటం ఎందుకు అనిపించడం సహజమే కదా.

1951లో పాత నగరంలో, అంటే దీవుల మీదున్న అసలు వెనిస్‌లో, దాదాపు 1,75,000 మంది ఉండేవారు.

తర్వాత 1966 నవంబర్ 4 వచ్చింది. సముద్రపు గాలి హోరెత్తడంతో, ఆటు సమయంలో దిగాల్సిన నీళ్లు దిగలేదు. వాటి మీదే మరో పోటు వచ్చి, నీళ్లు ప్రామాణిక సముద్ర మట్టం కంటే 194 సెంటీమీటర్లు పైకి చేరాయి. కరెంటు పోయింది. ఇళ్లను వెచ్చబెట్టుకునే నూనె ట్యాంకులు పగిలి, ఆ నూనె నీళ్లతో కలిసి వీధులన్నీ తిరిగింది. నీళ్లు దిగాక గోడల మీద నడుము పైదాకా నల్లటి గీత మిగిలింది. కింది అంతస్తుల్లో ఉండేవాళ్లలో చాలామంది తిరిగి ఆ ఇళ్లలోకి రాలేదు. నగరాన్ని కాపాడాలని ప్రపంచం నలుమూలల నుంచీ డబ్బు వచ్చింది, చర్చిలు, బొమ్మలు బాగుపడ్డాయి. ఖాళీ అయిన ఆ ఇళ్లలోకి మనుషుల్ని మళ్లీ రప్పించే పని మాత్రం అంత శ్రద్ధగా జరగలేదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

ఖాళీ అయిన చోటికి టూరిజం వచ్చి కూర్చుంది. 1989 జులై 15న నగరం నడిబొడ్డున ఉన్న సాన్ మార్కో కూడలి ఎదుట నీళ్ల మీద తేలే వేదిక కట్టి, బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ కచేరీ పెట్టారు. సుమారు 2 లక్షల మంది వచ్చారు. వాళ్లకు సరిపడా మరుగుదొడ్లు లేవు. పేరుకుపోయిన చెత్త ఎత్తడానికి సైన్యం రావాల్సొచ్చింది. మేయర్, కౌన్సిల్ రాజీనామా చేశారు. ఈ ఊరు ఎంతమందిని మోయగలదన్న ప్రశ్న ఆ రోజు అందరి ముందుకూ వచ్చింది. క్రూయిజ్ ఓడల విషయంలో జవాబుకి ఇంకా చాలా కాలం పట్టింది. 2019 జూన్‌లో ఒక పెద్ద ఓడ అదుపు తప్పి రేవును ఢీకొట్టాక, 2021 ఆగస్టు నుంచి అలాంటి పెద్ద ఓడల్ని నగరం పక్కనున్న జూడెక్కా కాలువలోకి రానివ్వడం మానేశారు.

రియాల్టో వంతెన దగ్గర ఒక మందుల షాపు ఉంది. 2008 నుంచి దాని అద్దాల కిటికీలో ఒక అంకె వెలుగుతూ ఉంటుంది, పాత నగరంలో మిగిలిన జనాభా అది. జలుబు మందు కోసం వెళ్లినవాళ్లు కూడా ఆ అంకె చూసే లోపలికి వెళ్తారు. 2022లో అది 50,000 కంటే కిందికి పడింది. మరుసటి ఏడాదికల్లా టూరిస్టుల పడకలు నివాసుల సంఖ్యను దాటేశాయని స్థానిక పౌర సంఘాలు లెక్క తేల్చాయి. ఎవరో కాపురం ఉన్న ఇల్లు రోజు అద్దె గదిగా మారినప్పుడు కింద రొట్టెల దుకాణం పోతుంది, దాని స్థానంలో మాస్కుల షాపు వస్తుంది. బడిలో పిల్లలు తగ్గుతారు. అప్పుడు పక్కింటివాళ్లు కూడా సామాను సర్దుకుంటారు.

ఇప్పుడు టికెట్ సంగతి చూడండి. మొదటి ఏడాది సుమారు 24 లక్షల యూరోలు వచ్చాయి. కానీ ఆ రోజుల్లో జనం తగ్గినట్టు పెద్దగా కనిపించలేదు. ఇంత దూరం ఖర్చుపెట్టుకుని వచ్చినవాళ్లు 5 యూరోల కోసం వెనక్కి వెళ్తారా? పైగా ఈ టికెట్ పొద్దున వచ్చేవాళ్లనే అడుగుతుంది. ఇళ్లను మింగేసిన అద్దె గదుల్లో దిగినవాళ్లు బస పన్ను ఎలాగూ కడుతున్నారని వదిలేస్తుంది. రద్దీని లెక్కపెట్టడానికి ఇది పనికొస్తుంది, కాదనను. ఇళ్ల సమస్యను మాత్రం ఇది ముట్టుకోదు.

ఊరివాళ్లకు ఇది తెలుసు. టికెట్ మొదలైన రోజే వందలమంది పియాజాలే రోమాలో చేరారు. 1933 నాటి వంతెన వచ్చి ఆగేది అక్కడే. వాళ్లు పట్టుకున్న బ్యానర్ల సారాంశం ఒకటే: టికెట్ వద్దు, ఉండటానికి ఇళ్లివ్వండి.