మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటు గురించి

బంగారుతల్లికి, అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వన్న మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. "మోకాలి దగ్గర చిరిగింది అమ్మమ్మా, ఇక పారేయడమే" అన్నావు. ఆ ప్యాంటు నాకు తెలుసు. సైకిలు నేర్చుకున్నన్నాళ్లూ రోజూ అదే వేసుకునేదానివి. పడ్డ ప్రతిసారీ ముందు నీ మోకాలిని కాపాడింది ఆ గుడ్డే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. తమ్ముడికి, నీ స్నేహితులకి కూడా చదివి వినిపించు.

మీ తాతయ్య నీలం గీతల చొక్కా గుర్తుందా? ఆయన పోయాక మిగతా బట్టలన్నీ ఇచ్చేశాను, అదొక్కటే ఉంచుకున్నాను. చలేసినప్పుడు పైన తొడుక్కుంటాను. ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూశాను. కుడిచేతి అంచు అరిగి దారాలు పైకొచ్చాయి, ఎడమచేతిది చెక్కుచెదరలేదు. కుడిచెయ్యి బల్లకి ఆనించి ఆయన గంటల తరబడి రాసేవారు. జేబు ఒక మూల కిందికి జారింది, కళ్లద్దాలు ఎప్పుడూ అందులోనే వేసుకునేవారు. మోచేతి దగ్గర నేను చేసిన రఫ్ఫు ఉంది. అది నా మొదటి రఫ్ఫు. దారం బిగించి లాగేసరికి గుడ్డ చుట్టూ ముడుచుకుపోయింది. ఆయన చూసి, చెయ్యి ఒకసారి చాపి ముడిచి, "బాగుంది" అని అదే వేసుకుని వెళ్లారు. ఆ మోచేతి వంపు ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా పోలేదు.

దాని కాలరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కాలరు ఎప్పుడూ మెడకి రాసుకునే మడత దగ్గరే చిరుగుతుంది. కింది వైపు మాత్రం కొత్తదానిలా ఉంటుంది. కుట్టు జాగ్రత్తగా ఊడదీసి, కాలరు తిరగేసి, మళ్లీ అదే చోట కుట్టేస్తే చిరుగు కిందికి పోతుంది. అలా చేశాక ఆ చొక్కా ఇంకో నాలుగేళ్లు నడిచింది.

నా చిన్నప్పుడు మా అక్క గౌను నాకు వచ్చింది. దాని అంచు దగ్గర ఒకదాని పైన ఒకటి మూడు గీతలుండేవి. అక్క పొడుగైనప్పుడల్లా అమ్మ లోపలి మడత విప్పి గౌను దించేది. పాత మడత ఉన్నచోట ఒక గీత మిగిలేది. ఆ గీతల మీద వేలు పెట్టి అక్క ఎప్పుడు ఎంత పొడుగుందో చూసుకునేదాన్ని. నేను పెరిగాక నాలుగో గీత పడింది.

ఇవన్నీ డబ్బుల్లేక పడ్డ పాట్లు కదా అని నీకనిపించవచ్చు. కొంతవరకు నిజమే. ఇప్పుడు బట్ట చవక, చిరిగితే ఇంకొకటి దొరుకుతుంది. కానీ చవకంటే ఏమిటో తెలుసుకోవాలి తల్లీ. నువ్వు కట్టని ధర ఎక్కడో ఇంకెవరో కడుతున్నారు.

ఒక నూలు టీషర్టుకి పత్తి మొక్క నుంచి లెక్కేస్తే సుమారు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని అంచనా. మధ్య ఆసియాలో అరల్ సముద్రమని ఉండేది. పేరుకి సముద్రమే కానీ అది సరస్సు, ఒకప్పుడు ప్రపంచంలోని పెద్ద సరస్సుల్లో నాలుగోది. అందులోకి పారే రెండు నదుల్ని 1960ల నుంచి ఎక్కువగా పత్తి చేల వైపు మళ్లించారు. సరస్సులో చాలా భాగం ఎండిపోయింది. చేపలు పట్టే పడవలు ఇసుకలో కూరుకుపోయి తుప్పుపట్టాయి. పత్తి వద్దు, పాలిస్టర్ వేసుకుందామా అంటే, అది పెట్రోలియం నుంచి తీసేది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే పీచులో సగానికి పైగా అదే. ఉతికిన ప్రతిసారీ కంటికి కనపడనంత సన్నని నూగు నీళ్లలో కలిసిపోతుంది.

ఇంకొకటి చెప్పాలి, నువ్వు చిన్నపిల్లవైనా చెప్పాలి. ఎంత పెద్ద యంత్రాలొచ్చినా చొక్కాకి చెయ్యి అతకడానికి ఒక మనిషి కుట్టు మిషను ముందు కూర్చోవలసిందే. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో, ఢాకా దగ్గర, రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం కూలిపోయింది. అందులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలుండేవి. ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. అయినా మర్నాడు పనిలోకి రమ్మన్నారు. 1,134 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు, ఆడవాళ్లు. కుడుతున్నవి దూరదేశాల్లో చవగ్గా అమ్మే బట్టలు. ఆ తర్వాతే "నా బట్టలు ఎవరు కుట్టారు?" అని చాలా దేశాల్లో జనం గట్టిగా అడగడం మొదలుపెట్టారు. నీ ప్యాంటు పక్కకుట్టు ఒకసారి తిరగేసి చూడు. అంత తిన్నగా కుట్టడం తేలిక కాదు, నేను కుట్టి చూశాను కనుక చెబుతున్నాను.

"పారేయను, ఎవరికైనా ఇచ్చేస్తాను" అంటావేమో. పనికొచ్చేది, ఎవరో నిజంగా వేసుకునేది ఇస్తే మంచిదే. కానీ అలా ఇచ్చినవన్నీ ఎవరి ఒంటి మీదకో చేరవు. గనా దేశంలో అక్రా నగరంలో కాంటమాంటో అని పాత బట్టల సంత ఉంది. వేరే దేశాలవాళ్లు వదిలేసినవి మూటలు మూటలుగా అక్కడికి వస్తాయి. వాటికి అక్కడి భాషలో ఒక పేరుంది: 'ఓబ్రోనీ వావూ'. చనిపోయిన తెల్లవాళ్ల బట్టలని అర్థం. బతికున్న మనిషి ఇన్ని బట్టలు వదిలేస్తాడని మొదట్లో వాళ్లకి నమ్మబుద్ధి కాలేదన్నమాట. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టుంటుంది. ఇప్పుడు ఆ మూటల్లో చాలావరకు నాసిరకం. అమ్ముడుపోనివి కాలవల్లోకి, సముద్రపు ఒడ్డుకి చేరుతున్నాయి. చిలీ దేశపు అటకామా ఎడారిలోనూ ఇలాగే బట్టలు గుట్టలుగా పోశారు.

పాత గుడ్డతో కొత్త గుడ్డ చేయవచ్చు కదా? చేస్తారు, కానీ చాలా తక్కువ. బట్టల కోసం వాడే సరుకులో మళ్లీ బట్టగా మారేది నూటికి ఒక్క వంతు కూడా లేదు. నూలుగుడ్డని చీల్చితే పీచు పొట్టిదైపోతుంది, పొట్టి పీచుతో గట్టి దారం రాదు. పత్తి, పాలిస్టర్ కలిపి నేసినదైతే రెండింటినీ విడదీయడం ఇంకా కష్టం. అందుకే 'పర్యావరణహితం' అని చీటీ తగిలించిన కొత్త చొక్కా కంటే నీ బీరువాలో ఉన్న పాత చొక్కాయే మేలని నా గట్టి నమ్మకం. దాని నీళ్లు, దాని కష్టం ఇప్పటికే ఖర్చయిపోయాయి. ఎన్నిసార్లు వేసుకుంటే అంత గిట్టుబాటు.

అన్నీ దాచుకోమనడం లేదు. నీకు పొట్టయినవి తమ్ముడికి, మరీ నలిగిపోయినవి తుడుపుగుడ్డలకి. కానీ నీ ప్యాంటుకి ఇంకా ఆ రోజు రాలేదు. దానికి మాసిక వేద్దాం.

మాసిక చిరుగంతే ఉంటే నిలవదు. చిరుగు చుట్టూ గుడ్డ అప్పటికే నీరసించి ఉంటుంది. కుట్టు దాన్ని దాటి గట్టి గుడ్డలోకి పోవాలి. కనుక అన్ని వైపులా రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ కత్తిరించాలి. మూలలు గుండ్రంగా ఉండాలి, కోసుగా ఉంటే కాలు దూర్చినప్పుడు పట్టుకుని లేచిపోతాయి. మాసిక గుడ్డని ముందే ఉతికి ఆరేయాలి, లేకపోతే తర్వాత అది కుంచించుకుపోయి ప్యాంటుని లాగుతుంది. లోపలి నుంచి పెట్టి, పైన వరసలుగా టాకాలు వేసుకుంటూ పోవాలి. దారం లాగి బిగించకు. నేను తాతయ్య మోచేతి దగ్గర చేసిన తప్పు నువ్వు చేయకు.

గుడ్డ సిద్ధం చేశాను. తాతయ్య చొక్కా కింది అంచు, ప్యాంటులోకి దోపుకునే భాగం, ఎండా రాపిడీ తగలక ఇంకా గట్టిగానే ఉంది. అక్కడి నుంచి ఒక ముక్క కత్తిరించి, ఉతికి ఆరేశాను. పలచనిది కాబట్టి రెండు పొరలు వేద్దాం. వచ్చేటప్పుడు ప్యాంటు మర్చిపోకు. దారం ఏ రంగుది కావాలో ముందే చెప్పు, తీసి ఉంచుతాను.

నీ
అమ్మమ్మ