నక్క తోక తొక్కవచ్చా?

చిరంజీవులు పండుకూ చిన్నికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో పండు తన పోకెమాన్ అనే వీడియో ఆటలోని నైన్‌టేల్స్ అనే తొమ్మిది తోకల నక్కను చూపించి, "తాతయ్యా, దీని తోక పట్టుకుంటే వెయ్యేళ్ల శాపం తగులుతుంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మన వైపు ఎవరికైనా అనుకోని అదృష్టం పడితే "నక్క తోక తొక్కి వచ్చావా" అని అడుగుతాం. ఇక్కడేమో తొక్కినా అదృష్టమే, అక్కడ ముట్టుకున్నా శాపమే. ఎందుకిలా అని వారం రోజులుగా చదువుతున్నాను. ఫోనులో చెబితే చిన్ని మధ్యలోనే లేచిపోతుంది కనుక ఉత్తరం రాస్తున్నాను.

ఈ నక్క 1996లో జపాన్‌లో వచ్చిన మొట్టమొదటి పోకెమాన్ ఆటల్లోనే ఉంది. ఆటలోని ప్రాణుల పట్టికలో దాని సంఖ్య 38. అంతకుముందు రూపమైన వల్పిక్స్‌ది 37. జపాన్ పిల్లలకు మాత్రం ఆ పేర్లు వేరు. వల్పిక్స్‌ను వాళ్లు 'రోకోన్' అంటారు, నైన్‌టేల్స్‌ను 'క్యూకోన్' అంటారు. రోకు అంటే ఆరు, క్యూ అంటే తొమ్మిది. మనకు కుక్క 'భౌ భౌ' అన్నట్టు వాళ్లకు నక్క 'కోన్ కోన్' అంటుంది. తోకల లెక్కా కూతా కలిపితే పేరు అయిపోయింది. నాకు ఇది భలే నచ్చింది.

జపాన్ భాషలో నక్కను కిత్సునే అంటారు. మన పొలాల్లో రాత్రిపూట ఊళవేసేది వేరే జంతువు, కిత్సునే మన గుంటనక్కకు చుట్టం. ఏళ్లు గడిచేకొద్దీ దానికి తెలివీ మాయలూ పెరుగుతాయని, వాటితోపాటు తోకలూ పెరిగి తొమ్మిది దాకా వస్తాయని అక్కడి నమ్మకం. వల్పిక్స్ ఒక్క తోకతో పుట్టి, పెరుగుతూ ఆ తోక చీలి ఆరు కావడం అందులోంచి వచ్చిందే. కానీ పండూ, నువ్వు ఒక నిప్పురాయి ఇచ్చి క్షణంలో దాన్ని తొమ్మిది తోకలదాన్ని చేసేశావు చూడు, అది నాకు అన్యాయంగా తోచింది. పాత కథల్లో నక్కకు అందుకు వందల ఏళ్లు పట్టేది!

ఆటలో ఈ నక్క నిప్పు జాతిది ఎందుకైందో కూడా ఊహించవచ్చు. రాత్రుళ్లు దూరాన కదిలే వెలుగులను మన పల్లెల్లో కొరివి దయ్యాలు అనేవారు. జపాన్‌లో వాటిని 'కిత్సునెబి', అంటే నక్క నిప్పు అన్నారు. ఇప్పటి టోక్యోలోని ఓజి అనే చోట, ఏడాది చివరి రాత్రి నక్కలన్నీ ఒక పెద్ద చెట్టు కింద చేరేవట. ఆ నిప్పులను చూసి రైతులు వచ్చే ఏడు పంట ఎలా ఉంటుందో చెప్పుకునేవారు. హిరోషిగే అనే చిత్రకారుడు 1857లో ఆ దృశ్యాన్ని బొమ్మగా వేశాడు. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

ఇక శాపం సంగతి. 12వ శతాబ్దంలో తోబా అనే చక్రవర్తి సింహాసనం వదిలి విశ్రాంతిగా ఉన్నప్పుడు, ఆయన కొలువుకు తమామో నో మాఎ అనే అందగత్తె వచ్చిందట. ఏ శాస్త్రంలో ఏ ప్రశ్న అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పేది. ఒక రాత్రి గాలికి దీపాలన్నీ ఆరిపోతే ఆమె ఒంటి నుంచే వెలుగు వచ్చిందట. కొన్నాళ్లకు తోబా మంచాన పడ్డాడు. ఆస్థాన జ్యోతిష్కుడు లెక్కలు వేసి, ఆమె మనిషి కాదు, నక్క అని తేల్చాడు. ఆమె నక్కై నాసు మైదానానికి పారిపోయింది, వీరులు వెంటాడి బాణంతో కొట్టారు. చచ్చినా పగ చావలేదు. రాయిగా మారి, దగ్గరికి వచ్చిన ప్రతి ప్రాణినీ చంపసాగింది. పాత కథల్లో ఈమెకు రెండే తోకలు, తొమ్మిదీ తరువాతి కథకులు తగిలించినవి. క్యూకోన్ పగ ఈ కథ నుంచే వచ్చి ఉంటుందని నా అనుమానం.

ఇక్కడొక వింత ఉంది. జపాన్‌కు రాకముందు ఈ నక్క చైనాలో ఒక రాణిగా, అంతకుముందు మన దేశంలో హంజోకు అనే రాజకుమారుడి ప్రియురాలిగా ఉండి, వెయ్యిమంది రాజుల తలలు తెమ్మని అతణ్ని రెచ్చగొట్టిందని కథ. హంజోకు అంటే మచ్చల పాదాలవాడు. ఎవరో గుర్తుపట్టారా? నన్నయ భారతం ఆదిపర్వంలో శాపం తగిలి రాక్షసుడైన కల్మాషపాదుడే! బౌద్ధ కథల వెంట అంత దూరం వెళ్లాడు. మన కథలో మాత్రం నక్క ఊసే లేదు.

ఆ రాయి నిజంగానే ఉంది. పేరు 'సెస్షోసెకి', ప్రాణం తీసే రాయి. నాసు అగ్నిపర్వత ప్రాంతం, నేలలోంచి విషవాయువులు వస్తాయి. 1689లో అక్కడికి వెళ్లిన బాషో అనే కవి, చచ్చిన తేనెటీగలూ సీతాకోకచిలుకలూ ఇసుక కనబడనంతగా పడి ఉన్నాయని రాశాడు. గెన్నో అనే సన్యాసి సుత్తితో ఆ రాయిని పగలగొట్టాడని కథ. జపాన్ వడ్రంగులు ఇప్పటికీ ఒక రకం సుత్తిని గెన్నో అంటారు. 2022 మార్చిలో ఆ రాయి రెండుగా చీలి కనిపించింది. నక్క తప్పించుకుందని ఎందరో హడలిపోయారు. పగుళ్లు అంతకు కొన్నేళ్ల ముందు నుంచే ఉన్నాయి లెండి.

నక్కలన్నీ దుష్టులేం కావు. వరికి దేవత అయిన ఇనారి గుళ్లలో నక్క విగ్రహాలు ధాన్యపు కొట్టు తాళంచెవి నోట కరచుకుని కూర్చుంటాయి. నాకు రాణిగారి కంటే ఈ కాపలా నక్కలంటేనే ఇష్టం.

చిన్నీ, ఎండా వానా కలిసి వస్తే "కుక్కలకూ నక్కలకూ పెళ్లి" అని గంతులు వేస్తావు కదా. అదే వానను జపాన్‌లో 'కిత్సునే నో యోమెఇరి' అంటారు, నక్క పెళ్లికూతురు అత్తవారింటికి వెళ్లడం అని. వాళ్ల పెళ్లిలో కుక్క ఉండదు. మనిషి వేషంలో ఉన్న కిత్సునే కుక్కను చూస్తే చాలు, బెదిరి గుట్టు బయటపెట్టుకుంటుంది. మన ఊరి పెళ్లికొడుకు సంగతి చెబితే క్యూకోన్ ఏమంటుందో పండు కనుక్కుని నాకు రాయాలి.

మీ తాతయ్య