కిలోకి ఎంత పని?

పిండి కలిపే మిక్సరైనా రబ్బరు కలిపే మిక్సరైనా చాలాచోట్ల టైమరే దిక్కు, మూడు నిమిషాలు తిప్పు, ఆపేయి. నాకిది ఎప్పుడూ నచ్చదు. చల్లటి మిషన్‌లో మూడు నిమిషాలూ, నాలుగైదు బ్యాచ్‌లు తీశాక కాగి ఉన్న మిషన్‌లో మూడు నిమిషాలూ ఒకటి కావు. వేడికి రబ్బరు మెత్తబడితే రోటర్లకి (లోపల తిరిగే రెక్కలకి) ఎదురు తగ్గుతుంది, అంతసేపే తిప్పినా సరుకులోకి వెళ్లే పని తగ్గిపోతుంది. కాబట్టి చూడాల్సింది టైము కాదు, కిలో సరుకులోకి ఎంత పని వెళ్లిందన్నది.

ఈ సంగతి బాగా పట్టుకున్నది 1961లో ఇంగ్లాండులోని చోర్లీవుడ్‌లో తయారైన బ్రెడ్ పద్ధతి. కిలో పిండి ముద్దకి సుమారు 11 వాట్-అవర్ల పని, అదీ 2 నుంచి 5 నిమిషాల్లో అందాలని అక్కడి లెక్క. అంటే 100 కిలోలని 3 నిమిషాల్లో కలపాలంటే ముద్దకి సగటున 22 కిలోవాట్లు చేరాలి. అందులో ఎక్కువ భాగం వేడిగా మారి ముద్ద దాదాపు 14 డిగ్రీలు వేడెక్కుతుంది కాబట్టే చల్లటి నీళ్లతో మొదలుపెడతారు.

మరి కొలిచేదెలా? క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ బిగించి కరెంటు కొలిచేది) తగిలించి ఆంపియర్లు చూస్తే చాలనుకుంటే అక్కడే దెబ్బ తింటాం. ఇండక్షన్ మోటార్ ఖాళీగా తిరుగుతున్నా ఫుల్ లోడ్ కరెంటులో మూడో వంతో, ఇంకా ఎక్కువో లాగుతుంది, కానీ అది చాలావరకు లోపల అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టడానికే, నిజమైన పని చాలా తక్కువ. వోల్టేజి, కరెంటు, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజమైన పనికి పోయే వాటా) మూడూ లెక్కేసే పవర్ మీటరే కావాలి. ముందు ఖాళీ మిక్సర్ తిప్పి అది ఎంత తింటుందో రాసుకోండి. 4 కిలోవాట్లు అనుకుందాం, 3 నిమిషాలకి 0.2 యూనిట్ (యూనిట్ అంటే 1000 వాట్-అవర్లు). ఆ 100 కిలోల ముద్దకి 1.1 యూనిట్లు అందాలంటే మీటర్లో 1.3 తిరిగాకే ఆపాలి.

ఇదీ పూర్తిగా కచ్చితం కాదు, లోడ్ పడ్డాక గేర్‌బాక్స్ నష్టాలు పెరుగుతాయి. అది వద్దనుకుంటే షాఫ్ట్ మీదే, దాని పొడవుకి 45 డిగ్రీల వాలులో, స్ట్రెయిన్ గేజ్‌లు (షాఫ్ట్ మెలితిరిగినప్పుడు వచ్చే కాస్త సాగుడుని పట్టే పలచటి పట్టీలు) అతికించి టార్క్ (తిప్పే బలం) కొలవాలి, తిరిగే షాఫ్ట్ కాబట్టి సిగ్నల్ వైర్‌లెస్‌గా పంపాలి.

రోలింగ్‌లో (రెండు రోలర్ల మధ్య లోహపు షీటుని నొక్కి పలచన చేయడంలో) ఇంకో తిరకాసు. రోలర్లు నొక్కే బలాన్ని కొలిచే లోడ్ సెల్ టన్నుల్లో చూపిస్తుంది, కానీ రోలర్లు ఆ దిశలో కదలవు, కాబట్టి శక్తి అటునుంచి రాదు, తిప్పే టార్క్ నుంచే వస్తుంది. రెండు రోలర్ల టార్క్‌నీ విడివిడిగా వాటి తిరిగే వేగంతో గుణించి కలపాలి, షీటుని ముందుకి లాగే టెన్షన్ చేసే పని కలిపి, వెనక్కి పట్టే టెన్షన్‌ది తీసేయాలి, వచ్చినదాన్ని సెకనుకి ఎన్ని కిలోలు నడుస్తున్నాయో దానితో భాగిస్తే కిలోకి ఎంత పనో వస్తుంది.