చెట్టుకి తొర్ర పడిందని కొట్టించేసే ముందు

రాజమండ్రి నుంచి ఒకావిడ ప్రశ్న పంపారు. ఇంటి గేటు పక్కన పెద్ద తురాయి చెట్టు ఉందట, కాండానికి నడుము ఎత్తులో తొర్ర పడిందట, ఈ వానాకాలం దాటదు కొట్టించెయ్యండి అని పక్కింటివాళ్లు రోజూ చెప్తున్నారట, పైగా ఆ తొర్రలో గుడ్లగూబ కాపురం పెట్టింది కాబట్టి ఇంటికి అరిష్టం కూడా అంటున్నారట. ఏం చెయ్యమంటారు అని.

గుడ్లగూబ సంగతి ముందు తేల్చేద్దాం. అది తొర్రలో ఉంటే ఆ వీధిలో ఎలుకలు తగ్గుతాయి, అంతకు మించి ఎవరికీ ఏమీ అవ్వదు. చింతచెట్టు మీద దయ్యాలు, రావిచెట్టు కొడితే వంశనాశనం, ఇవన్నీ విని పెరిగినవాళ్లమే కదా, వీటివల్ల జరిగే అసలు నష్టం ఏంటంటే నిజంగా పడిపోయే చెట్టుని భయంతో ముట్టుకోం, నిక్షేపంగా ఉన్న చెట్టుని అరిష్టమని కొట్టేస్తాం.

ఇక తొర్ర. నాకు బాగా ఇష్టమైన విషయం ఇది, కొంచెం లెక్క ఉంటుంది, ఓపిక పట్టండి.

గాలి చెట్టుని నెట్టినప్పుడు కాండం వంగుతుంది. వంగినప్పుడు గాలి వచ్చే వైపు నారలన్నీ సాగుతాయి, అవతలి వైపువి నొక్కుకుపోతాయి. మధ్యలో ఉన్న చెక్కకి ఈ రెండూ దాదాపు ఉండవు, అది ఊరికే అక్కడ ఉంటుంది. అంటే బరువైన పనంతా బెరడు కింద ఉండే బయటి పొరలే చేస్తాయి. పందిరికి గుంజలుగా వెదురు వేస్తాం, లోపల బోలు అని ఎప్పుడైనా భయపడ్డామా? అదే సూత్రం ఇక్కడా.

లెక్కలో చెప్పాలంటే, గుండ్రటి కాండం వంపుని తట్టుకునే బలం దాని వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. లోపల బోలు ఉంటే, బోలు వ్యాసాన్ని కాండం వ్యాసంతో భాగించి ఆ వచ్చినదాన్ని నాలుగో ఘాతానికి తీసుకెళ్తే ఎంత బలం పోయిందో వచ్చేస్తుంది. 60 సెంటీమీటర్ల కాండంలో 30 సెంటీమీటర్ల బోలు పడిందనుకోండి, సగం వ్యాసం పోయింది, చూసేవాళ్లకి గుండె ఆగిపోతుంది, కానీ సగాన్ని నాలుగుసార్లు గుణిస్తే పదహారో వంతు, అంటే పోయిన బలం 6 శాతం. బోలు 42 సెంటీమీటర్లయితే 24 శాతం. 48 అయితే 41 శాతం. 54 సెంటీమీటర్లకి వచ్చేసరికి 66 శాతం పోతుంది. చూశారా, మొదట్లో దాదాపు ఏమీ పోదు, చివర్లో ఒక్కసారిగా కూలిపోతుంది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివిన ప్రతి కుర్రాడూ ఈ సూత్రాన్ని బోలు షాఫ్టుల కోసం బట్టీ పడతాడు, కిటికీ బయట ఉన్న చెట్టుకి కూడా ఇదే వర్తిస్తుందని ఏ మాస్టారూ చెప్పడు, నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

ఇంకా బాగుండే సంగతి ఇప్పుడు వస్తుంది. స్టీలు పైపు పెరగదు, చెట్టు పెరుగుతుంది. 30 సెంటీమీటర్ల బోలు ఉన్న ఆ 60 సెంటీమీటర్ల కాండమే చుట్టూ ఒక్క సెంటీమీటరు కొత్త చెక్క వేసుకుంటే వ్యాసం 62 అవుతుంది. మళ్లీ లెక్క కట్టండి. బోలు పడకముందు ఉన్న గట్టి కాండం కంటే ఇప్పటి బోలు కాండమే 4 శాతం ఎక్కువ బలంగా తేలుతుంది! ఈలోగా పైన గుబురు కూడా పెరుగుతుంది, గాలి తోపు కూడా పెరుగుతుంది, అది ఒప్పుకోవాల్సిందే, కానీ చెట్టు ఓడిపోతున్న పందెం ఆడట్లేదని మాత్రం అర్థమవుతుంది. గోల్కొండ నయా ఖిల్లాలో హతియాన్ అని పిలిచే బవోబాబ్ చెట్టు ఉంది, చుట్టుకొలత 27 మీటర్ల దాకా ఉంటుంది, లోపల మనుషులు దూరేంత తొర్ర, వందల ఏళ్లుగా అలాగే నిలబడి ఉంది.

మరి లోపలి కుళ్లు బయటి కొత్త చెక్కలోకి ఎందుకు రాదు? దీన్ని అమెరికా ఫారెస్ట్ సర్వీసులో పనిచేసిన అలెక్స్ షైగో అనే ఆయన వేల చెట్లని చైన్ సాతో కోసి చూసి తేల్చాడు, 1970ల్లో. చెట్టుకి మనలాగా గాయం మానదు. పాడైన కణాలని తీసేసి కొత్తవి పెట్టే ఏర్పాటు దానికి లేదు. గాయం తగలగానే విభాజ్య కణావళి, అంటే బెరడు కింద కొత్త చెక్కని పుట్టించే పలచటి పొర, గోడలాంటి ఒక ప్రత్యేకమైన పొర వేస్తుంది, గాయానికి ముందున్న చెక్కని ఆ తర్వాత పుట్టబోయే చెక్కనించి ఆ గోడ వేరు చేస్తుంది. కుళ్లబెట్టే శిలీంధ్రం పాత చెక్కనంతా తినేసినా ఆ గోడ దాటి రావడం చాలా కష్టం. కాబట్టి తొర్రని ఉలితో గీకి శుభ్రం చెయ్యడం, నీళ్లు పోవడానికి బెజ్జం వెయ్యడం, సిమెంటు నింపడం, ఇవన్నీ ఆ గోడని పగలగొట్టే పనులు. సిమెంటు మరీ ఘోరం, కాండం గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు, రెండూ ఒరుసుకుని లోపల తడి నిలవుంటుంది.

సరే, ఎంత గోడ ఉంటే చాలు? జర్మనీలో క్లాస్ మాథెక్ అనే భౌతికశాస్త్రవేత్త విరిగిన చెట్లనీ నిలబడ్డ చెట్లనీ కొలిచి ఒక మోటు లెక్క చెప్పాడు, మిగిలిన గట్టి చెక్క మందం కాండం వ్యాసార్ధంలో 30 శాతానికి తగ్గకూడదని. మీరే చూసుకోవచ్చు. టేపుతో చుట్టుకొలత తీసి 6.28 తో భాగిస్తే వ్యాసార్ధం వస్తుంది. 188 సెంటీమీటర్లుంటే వ్యాసార్ధం 30, గోడ కనీసం 9 సెంటీమీటర్లు ఉండాలి. చెక్క సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ పోతే డొల్ల శబ్దం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. అయితే ఈ లెక్క అన్ని వైపులా మూసుకుని ఉన్న బోలుకి మాత్రమే. తొర్ర నోరు చుట్టుకొలతలో మూడో వంతు మించి తెరుచుకుని ఉంటే అది పైపు కాదు, చీలిన పైపు, గాలి చెట్టుని మెలిపెట్టినప్పుడు చీలిక వెంబడి తేలిగ్గా విచ్చుకుపోతుంది.

ఆవిడ ప్రశ్న చివర్లో ఇంకో లైను ఉంది, ఆవిడ దాన్ని మామూలుగా రాసేశారు, నేను ఆగిపోయింది మాత్రం అక్కడే. కిందటేడు గేటు ముందు డ్రైనేజీ తవ్వినప్పుడు అటు వైపు వేళ్లు కొన్ని నరికారట.

చెట్టు వేళ్లు పాతాళానికి పోతాయని మనకో నమ్మకం. బరువు మోసే వేళ్లలో ఎక్కువ భాగం పైన రెండు మూడు అడుగుల మట్టిలోనే అడ్డంగా పరుచుకుని ఉంటాయి. కాండానికి దాని వ్యాసానికి మూడు రెట్ల దూరం లోపల ఒక పక్క వేళ్లు తెగితే చెట్టు నిలకడ మీద నమ్మకం పెట్టుకోకూడదు, ఆకులు మాత్రం ఏళ్ల తరబడి పచ్చగానే ఉండొచ్చు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో ఒక్కసారిగా వచ్చిన గాలికి దాదాపు 200 హెక్టార్లలో 50 వేలకి పైగా చెట్లు పడిపోయాయి, ఎన్నో వేళ్లతో సహా లేచిపోయాయి. వానకి నానిన నేల, పైపైన వేళ్లు, బలమైన గాలి, మూడూ కలిశాయి. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుందని గుర్తుపెట్టుకోండి.

కాబట్టి ఆవిడకి నా జవాబు, తొర్రని కొలవండి కానీ ముందు నేలని చూడండి. వేళ్లు తెగిన వైపు నుంచి అవతలి పక్కకి చెట్టు ఈమధ్యే వాలడం మొదలైందా, మొదలు చుట్టూ మట్టి ఉబ్బిందా, పగుళ్లిచ్చిందా, మొదట్లో అరలు అరలుగా గట్టి పుట్టగొడుగులు వచ్చాయా. వీటిలో ఏది ఉన్నా ఆ చెట్టు కింద స్కూటర్ కూడా పెట్టకండి. అలాగే రెండు పెద్ద కొమ్మలు ఇరుగ్గా కలిసేచోట మధ్యలో బెరడు నలిగిపోయి ఉంటే అక్కడ చెక్కకి చెక్క అతుక్కోలేదని అర్థం, తురాయి, నిద్రగన్నేరు చెట్లలో ఇది తరచూ కనపడుతుంది. తల నరికేసి వదిలేసిన చెట్టు కూడా అంతే, కొత్తగా గుబురుగా వచ్చే కొమ్మలు పైపొరకి మాత్రమే అంటుకుని ఉంటాయి.

కొట్టించాల్సిందే అని తేలితే, దయచేసి గొడ్డలి మనిషికి నాలుగు డబ్బులిచ్చి చేతులు దులుపుకోకండి. ఖాళీ పొలంలో చెట్టు కూల్చేటప్పుడు పడాల్సిన వైపు గాటు పెట్టి, వెనకనించి కోస్తూ, మధ్యలో వ్యాసంలో పదో వంతు మందం చెక్కని కొయ్యకుండా వదులుతారు. ఆ పట్టీయే కీలు, చెట్టు ఎటు పడాలో అదే పట్టుకుని నడిపిస్తుంది. బోలు చెట్టులో ఆ కీలుకి మధ్య భాగమే ఉండదు, అందుకే అది ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఇళ్ల మధ్య బోలు చెట్టుని పైనించి ముక్కలుగా, ఒక్కో కొమ్మనీ మోకు కట్టి దించుకుంటూ రావాలి. కుళ్లిన చెట్టయితే మనిషిని ఎక్కించకూడదు, క్రేన్ బుట్టలోంచే కొయ్యాలి. లావు కొమ్మకి ముందు కాండానికి కాస్త దూరంగా కిందనించి పావు వంతు, తర్వాత దానికి ఇంకొంచెం అవతల పైనించి, చివరికి మిగిలిన మొండిని కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడ దగ్గర. కింద కోత లేకుండా పైనించే కోస్తే కొమ్మ బరువుకి కాండం బెరడు కింది దాకా చీలి, కొమ్మ మనిషి వైపే ఊగుతుంది.

కరెంటు తీగ దగ్గరుంటే లైన్‌మన్ వచ్చి ఎల్సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనుకి కరెంటు ఆపించే అనుమతి) తీసుకున్నాక, లైను ఆఫయిందని ఆయనే చెప్పాక మాత్రమే పని మొదలుపెట్టాలి. పచ్చి కొమ్మలో నీరుంటుంది, 11 కేవీ తీగకి తగిలితే చేతిలో ఉన్న తడి మోకులోంచి కూడా షాక్ కొట్టొచ్చు. తుఫాను తర్వాత తీగ మీద వాలిన చెట్టయితే 1912కి ఫోన్ చేసి దూరంగా ఉండండి. మామూలు రోజుల్లో కొట్టడానికైతే వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి తీసుకోవాలి, 2002 నుంచి ఉన్న చట్టం ఇది, మన పెరట్లో చెట్టే కదా అనుకోవడానికి లేదు.

ఇంకొకటి, నల్లరేగడి మీద ఇల్లు ఉన్నవాళ్లకి. పెద్ద చెట్టు ఏళ్ల తరబడి పునాది కిందనించి నీళ్లు లాగుతూ ఉంటుంది, కొట్టేశాక ఆ మట్టికి తేమ తిరిగొచ్చి ఉబ్బుతుంది, గోడలు అప్పుడు పగుళ్లిస్తాయి. ఆ పగుళ్లకి వెంటనే ప్లాస్టరింగ్ చేయించకండి, రెండు మూడు వానాకాలాలు గడవనిచ్చి పెన్సిల్‌తో చివర్లు గుర్తు పెట్టుకుంటూ, పగులు పెరగడం ఆగాకే మేస్త్రీని పిలవండి.